కొర్రమీను గుడ్లు పెట్టే కాలంలో గాలం: ఎర ఎంపిక, వేట పద్ధతి

రోహిణి కార్తె ఎండలకు అడుగంటిన చెరువులూ బందలూ (చిన్న చెరువులు) మృగశిర, ఆరుద్ర వానలకు మళ్ళీ నిండడం మొదలైన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొర్రమీను నడవడి పూర్తిగా మారిపోతుంది. అంతవరకు లోతు గుంటల్లో, బురదలో ఒదిగి ఉన్న చేప కొత్తనీరు తగలగానే గట్టువార మోకాలిలోతు నీటికి వస్తుంది, జత కడుతుంది, తుంగ మధ్య గూడు కట్టుకుంటుంది. ఏడాది మొత్తంలో ఈ చేప ఇంత దగ్గరగా, ఇంత స్పష్టంగా కనబడే కాలం మరొకటి లేదు. ఈ రోజుల్లో ఏ ఎర వేయాలి, ఎక్కడ వేయాలి అన్నది ఎదుటి చేప గూటికి సిద్ధమవుతున్నదా, గుడ్లను కాస్తున్నదా, పిల్లలను తిప్పుకొంటున్నదా, పిల్లలను విడిచిపెట్టిందా అన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. ఆ నాలుగు స్థితులనూ గట్టు మీద నిలబడి గుర్తుపట్టగలిగితే ఎర ఎంపిక కష్టం కాదు.

బజారులో దొరికే కృత్రిమ ఎరల గురించి ఇంటర్నెట్‌లో కనబడే పాఠాలు చాలావరకు అమెరికాలోని లార్జ్‌మౌత్ బాస్ అనే చేపను దృష్టిలో పెట్టుకొని చెప్పినవి. ఆ చేప శీతాకాలం గడిచి నీరు సుమారు 16 నుంచి 20 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కే వసంతంలో గుడ్లు పెడుతుంది. మగచేప అడుగు నేలను తోకతో ఊడ్చి గుంట చేసి, గుడ్లను తానొక్కటే కాస్తుంది. మన కొర్రమీనును కదిలించేది వాన, దానితో పెరిగే నీటిమట్టం. దీని గుడ్లు అడుగున పడి ఉండకుండా నీటిపై తేలుతాయి, వాటిని ఆడమగ రెండూ కాస్తాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, కొర్రమీను మొప్పలతోపాటు గాలినీ పీల్చి బతికే చేప కనుక కొద్దికొద్ది సేపటికొకసారి పైకి వచ్చి నోరు తెరవక తప్పదు, ఆ వచ్చిన చోటును దాచుకోలేదు. అందుచేత బాస్ గుంట మీద ఎరను దించి కదపకుండా ఉంచమని చెప్పే పద్ధతి మనకు పనికిరాదు. కలుపులో చిక్కుకోకుండా నీటిమీద జారే రబ్బరు కప్ప మాత్రం మన చెరువుల కోసమే పుట్టిందా అన్నట్టు పనిచేస్తుంది.

మొదటి స్థితి, అంటే గూటికి ముందున్న రోజులు, తొలకరి జల్లులకూ చెరువు నిండడానికీ మధ్య వస్తాయి. ఈ రోజుల్లో చేప ఆకలి మీద ఉంటుంది, అదే సమయంలో ప్రయాణంలోనూ ఉంటుంది. గెడ్డ (వాగు) చెరువులో కలిసే చోట, మదుము (తూము) దగ్గర నీరు సన్నగా పారే చోట, నీట మునగడం అప్పుడే మొదలైన గడ్డి అంచున దాని కోసం చూడాలి. కొత్తనీరు ఎర్రమట్టితో చిక్కగా ఉంటుంది కనుక చేప ఎరను కంటితో పోల్చుకోవడం కంటే నీటి అదురును బట్టి కనిపెట్టడమే ఎక్కువ. ఒక గుండ్రటి రేకు తిరిగే 10 నుంచి 14 గ్రాముల స్పిన్నర్‌బెయిట్ అనే ఎర అప్పుడు బాగా ఆడుతుంది. రేకు తిరుగుతున్న అదురు రాడ్ పిడిలో చేతికి తెలిసేంత నిదానంగా రీలు చుట్టాలి, అంతకన్నా వేగం వద్దు. మురికి నీటిలో నలుపు, ముదురు గోధుమ రంగులే నాకు ఎక్కువ ఫలితం ఇచ్చాయి. మెరుపు రంగుల ఎరలను నీరు తేటపడ్డాక తీయవచ్చు.

రెండో స్థితిలో గాలం వేయకూడదు. తుంగ, నాచు, గుర్రపుడెక్క దట్టంగా ఉన్న చోట ఎవరో చేత్తో ఒత్తి పక్కకు జరిపినట్టు జానెడు నుంచి మూరెడు వెడల్పున గుండ్రటి ఖాళీ కనబడితే, దానిలో సగ్గుబియ్యం కంటే చిన్నవిగా లేత పసుపు రంగు గుడ్లు పరచుకొని ఉంటే, అది గూడు. ఆ గుడ్లు ఒకటి రెండు రోజుల్లోనే పొదుగుతాయి. తల్లిదండ్రులు గూటి కిందనే నిలిచి ఉంటాయి, గాలి కోసం తప్ప కదలవు. గట్టు మీద మన అడుగుల అదురుకే బెదిరి తొలగిపోయే అవకాశం ఉంది కనుక అక్కడ ఎక్కువసేపు నిలబడడం కూడా మంచిది కాదు.

మూడో స్థితిని గుర్తుపట్టడం నేర్చుకోవడానికి ఒక పూట గాలం ఇంట్లో పెట్టి వెళ్ళినా నష్టం లేదు. ఉదయం గాలి లేని వేళ నీటి అంచున కూర్చుంటే ముందుగా శబ్దం వినబడుతుంది: వాన లేకుండానే నీటిమీద చినుకులు రాలుతున్న చిటపట. అటు చూస్తే చాటంత మేర నీరు ఎర్రబారి ఉంటుంది, ఎవరో పిడికెడు కారం చల్లినట్టు. దగ్గరగా చూస్తే ఆ ఎరుపంతా అంగుళం కూడా లేని పిల్లలు. వందలు, ఒక్కోసారి వేలు, ఒకదాని మీదుగా ఒకటి పైకి వచ్చి గాలి మింగి మళ్ళీ కిందికి దూరుతుంటాయి. ఆ ఎరుపు మెల్లగా పక్కకు జరుగుతుంది, ఆగుతుంది, ఒక్కసారిగా మాయమై రెండు బారల అవతల తేలుతుంది. దాని వెనుకనో కిందనో నీరు బరువుగా ఒకసారి తిరగబడుతుంది. అది తల్లో తండ్రో గాలి తీసుకున్న జాడ. పిల్లలు రెండంగుళాలు దాటేసరికి ఎరుపు పోయి బూడిద, గోధుమ రంగులు దిగుతాయి, గుంపు పలచబడుతుంది. ఈ కాపలా దాదాపు నెల రోజులు, ఒక్కోసారి ఇంకొన్ని రోజులు సాగుతుంది.

ఈ గుంపు మీదుగా కప్ప ఎరను లాగితే పెద్ద చేప తప్పకుండా కొడుతుంది. ఆకలితో కాదు, పిల్లల దగ్గరికి వచ్చిన ప్రాణిని తరమడానికి కొడుతుంది. రెండుసార్లు తప్పినా మూడోసారీ కొడుతుంది. వేటగాళ్ళలో చాలామంది ఈ పద్ధతినే నైపుణ్యంగా చెప్పుకొంటారు. చాలా ఏళ్ళ కిందట నెల్లిమర్ల వైపు ఒక బందలో నేనూ అలాగే రెండు కిలోల చేపను తీశాను, ఎంతో సంతోషించాను. మర్నాడు పొద్దున్నే అదే చోటికి వెళితే ఎర్ర గుంపు గుంపుగా లేదు. గుర్రపుడెక్క వేళ్ళ కింద అక్కడక్కడ నాలుగైదు పిల్లలు బెదురుగా తిరుగుతుంటే మట్టగిడసలు వాటిని ఒక్కొక్కటిగా అందుకొంటున్నాయి, ఒడ్డున రెండు కొంగలు నిలబడి ఉన్నాయి. జతలో రెండో చేప ఉందో, బెదిరి పోయిందో నాకు కనబడలేదు. ఒక చేపను తీశాననుకున్నాను గానీ, రెండేళ్ళ తరువాత ఆ బందలో పెరగవలసిన చేపలన్నిటినీ ఆ సాయంత్రమే తీసేశానని అప్పుడు అర్థమైంది. చేపను పట్టి వెంటనే వదిలేస్తే సరిపోతుంది కదా అన్న వాదనను నేను అంగీకరించను, ఎందుకంటే పది నిమిషాల పెనుగులాట చాలు, మట్టగిడసలకూ జెల్లలకూ అంతకన్నా వ్యవధి అక్కరలేదు. ఎరుపు కనబడితే దారం చుట్టుకొని కనీసం యాభై అడుగులు పక్కకు జరగాలి.

అయితే ఆ రోజుల్లో వేట మానుకోవలసిన పని లేదు. ఒకే చెరువులో అన్ని చేపలూ ఒకేసారి గూడు కట్టవు. జత కట్టని చేపలు, ఇంకా ఈడుకు రాని ఏడాది లోపు చేపలు, ముందే పిల్లలను విడిచినవి, అన్నీ కలిసే ఉంటాయి. ఉభాలు (వరినాట్లు) సాగే రోజుల్లో పొలాల నుంచి నీరు చెరువులోకో గెడ్డలోకో దిగే చోట్ల, కలుపు తక్కువగా ఉండి గట్టు నిటారుగా దిగే చోట్ల, తూటికాడ పొదల నీడలో ఇలాంటి ఒంటరి చేపలు తిరుగుతాయి. ఒక చోట నీరు తిరగబడితే ఎర విసరకుండా అయిదు నిమిషాలు చూడండి. అదే చోట మళ్ళీ మళ్ళీ తిరగబడుతుంటే దాని దగ్గర గూడో గుంపో ఉందని అర్థం. ఈసారి పది పన్నెండు అడుగుల అవతల తిరగబడితే అది వేటకు తిరుగుతున్న చేప, మీరు వేయవలసింది దానికే.

ఇటువంటి చేపకు రబ్బరు కప్పే నా మొదటి ఎంపిక. లోపల బోలుగా ఉండి, రెండు కొక్కేలు వీపుకు ఆనుకొని ఉండే రకం అయితే గుర్రపుడెక్క మీద కూడా జారుతుంది. కొన్న వెంటనే బొటనవేలితో నొక్కి చూడాలి. తేలికగా అణిగి కొక్కెం మొనలు బయటపడితే మంచిది, గట్టిగా ఉంటే చేప కొట్టినా కొక్కెం దిగదు. నీరు లోపలికి చేరితే కప్ప మునుగుతుంది కనుక పది విసుర్లకొకసారి పిండుతుండాలి. చేప కనబడిన చోటుకు నేరుగా విసిరితే అది బెదురుతుంది. దానికి ఆరేడు అడుగుల అవతల, వీలైతే ఆకు మీదనే పడేటట్టు విసిరి, అక్కడి నుంచి మెల్లగా నీటిలోకి జార్చాలి. రెండు చిన్న కుదుపులు, ఒక ఆగుడు, మళ్ళీ రెండు కుదుపులు. ఆకుల మధ్య ఖాళీ వచ్చినప్పుడు కప్పను అక్కడ ఆపడమే ఈ వేటలో అసలు కిటుకు, దెబ్బ చాలావరకు ఆ ఆగుడులోనే పడుతుంది. దెబ్బ శబ్దం వినగానే రాడ్ లాగడం అందరూ చేసే తప్పు. ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టి, దారం బిగిసి బరువు చేతికి తెలిశాకనే గట్టిగా ఎత్తాలి.

సందెవేళ నల్ల కప్ప నీటి మీద ఆకాశానికి ఎదురుగా స్పష్టమైన నీడలా కనబడుతుంది. ఎండ వేళ ఆకుపచ్చ, గోధుమ రంగులు చాలు. కలుపు బాగా దట్టంగా ఉంటే 40 నుంచి 50 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ (పోగులు అల్లిన) దారం, ఏడడుగుల గట్టి రాడ్ కావాలి, లేకపోతే కొక్కెం పడిన చేప వేళ్ళలో దూరి దారం తెంపుకొని, నోట్లో ఎరతో మిగిలిపోతుంది. బతికిన కప్పను గుచ్చి రాత్రంతా వదిలే పద్ధతిని ఈ కాలంలో పూర్తిగా మానాలి: చేప దాన్ని కడుపులోకి మింగుతుంది, అది తల్లి చేప అని తెలిసినా క్షేమంగా వదలడానికి వీలుండదు. కదులుతున్న కృత్రిమ ఎరకు చేప చాలావరకు పెదవి దగ్గరే చిక్కుతుంది. కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కేస్తే విడిపించడం ఇంకా సులువు. దారం బిగువు తగ్గకుండా చూసుకొంటే చేప తప్పిపోదు.

కొర్రమీను నీటి బయట చాలాసేపు బతుకుతుంది కాబట్టి దానికేమీ కాదన్న నిర్లక్ష్యం మనలో ఉంది. దాని ఒంటి మీది జిగురు పొర పోతే పుండ్లు పడతాయి. చేతులు తడుపుకొని, ఒక చేయి తల కింద, ఒక చేయి పొట్ట కింద పెట్టి పట్టుకోవాలి. ఎండకు కాలిన సిమెంటు గట్టు మీద పడుకోబెట్టకూడదు. పొట్ట ఉబ్బి మెత్తగా ఉన్న ఆడచేప చిక్కితే కొలత, ఫోటో అన్న ఆలోచన లేకుండా నీటిలోనే విడిపించి వదలాలి.

హస్త కార్తె వచ్చి, విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరిగే నాటికి ఎక్కువ జతలు పిల్లలను విడిచిపెట్టి ఉంటాయి. కాపలా కాలంలో సరిగా తినని చేపలు అప్పుడు ఆవురావురుమంటూ తిరుగుతాయి. నీరు తేటపడి ఉంటుంది కనుక మెత్తటి రబ్బరు చేపపిల్ల ఎరను, కొక్కెం మొన రబ్బరులోనే దాగేటట్టు గుచ్చి, కలుపు అంచు వెంట అడుగు లోతున ఈదించాలి. ఒక ఏడాదిలో ఒక పెద్ద చేపను ఇంటికి తీసుకువెళ్ళాలనుకునేవారు ఈ వారాల కోసం ఆగడం న్యాయమని నా అభిప్రాయం. అప్పటికీ ఆలస్యంగా గూడు కట్టిన జతలు అక్కడక్కడ ఉంటాయి, ఎరుపు కోసం చూడడం మానకూడదు.

తాటిపూడి, మడ్డువలస వంటి జలాశయాల్లో ఇదంతా నీరు పెరిగి ముంచిన పొదల చుట్టూ, వాగులు కలిసే మూలల్లోనే జరుగుతుంది; నడిమధ్య లోతుల్లో కొర్రమీను కోసం వెతకడం వృథా. జలాశయమైనా ఊరి చెరువైనా చేపల హక్కు మత్స్యకార సంఘానిదో, పాటదారుదో, పంచాయతీదో అయి ఉంటుంది కనుక వారిని ముందుగా అడిగి అనుమతి తీసుకోవాలి. అడిగినప్పుడు ఆ చెరువులో ఎర్ర గుంపులు ఏ మూలన తిరుగుతున్నాయో కూడా తెలుసుకుంటే, ఆ మూలకు వెళ్ళకుండా ఎటు నుంచి మొదలుపెట్టాలో అక్కడే తేలిపోతుంది.