మెడ నొప్పికి ఆపరేషనా, మందులూ కసరత్తులా: తేల్చుకునే పద్ధతి

మెడ నొప్పి మూడు నెలలు దాటి, చేతిలో ఎంఆర్ఐ రిపోర్టు ఉన్న మనిషికి సలహాలకు కొదవుండదు. ఒకరు ఆపరేషన్ తప్పదంటారు, ఇంకొకరు మెడకు కత్తి పెట్టిస్తే మంచాన పడతావంటారు. అసలు చూడాల్సింది నరాల పనితీరు. నొప్పితో విలవిల్లాడుతున్నా ఆపరేషన్ అక్కర్లేనివాళ్లున్నారు. నొప్పి అంతంతమాత్రమే అయినా ఆలస్యం చేయకూడనివాళ్లూ ఉన్నారు.

రిపోర్టును కాసేపు పక్కన పెట్టండి. జపాన్‌లో మెడ బాధలేవీ లేని 1211 మందికి ఎంఆర్ఐ తీస్తే 87.6 శాతం మందికి డిస్క్ (పూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బు కనిపించింది. 2015లో అచ్చయిన అధ్యయనం అది. ఇరవైల్లో ఉన్నవాళ్లలోనూ ఎక్కువమందికి ఉంది. కాబట్టి ‘సీ5-సీ6 డిస్క్ బల్జ్’ (మెడలో ఐదో, ఆరో పూసల మధ్య డిస్క్ ఉబ్బింది) అన్న ఒక్క ముక్క చూసి ఏ నిర్ణయమూ తీసుకోలేం. ఫిల్మ్‌లో నొక్కుకున్న నరం, ఒంట్లో బాధపడుతున్న చోటు ఒకదానికొకటి సరిపోవాలి.

ముందు మీది ఏ రకమో తేల్చండి

మొదటిది: నొప్పి మెడ, భుజాల పైభాగం, తల వెనక వరకే ఉండి చేతిలోకి దిగకపోవడం. ఎక్కువమందిది ఇదే.

రెండోది: మెడ దగ్గర నరం మొదలు నొక్కుకుని, నొప్పి చేతిలోకి జివ్వున లాగడం. సీ6 నరమైతే బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతాయి. సీ7 అయితే మధ్యవేలు, దాంతోపాటు మోచేయి చాచి దేన్నయినా నెట్టే బలం తగ్గుతుంది. సీ8 అయితే చిటికెనవేలు, పట్టు. చెయ్యెత్తి అరచేతిని నడినెత్తిన పెట్టుకుంటే నొప్పి తగ్గుతోందంటే ఈ రకమేనన్న అనుమానం బలపడుతుంది. మణికట్టు దగ్గర నరం నొక్కుకున్నా మొదటి మూడు వేళ్లే మొద్దుబారతాయి. రాత్రిళ్లు తిమ్మిరితో మెలకువ వచ్చి, చెయ్యి విదిలిస్తే తగ్గేది చాలావరకు మణికట్టు బాధే. నరాల పరీక్ష చేయిస్తే తేడా తెలుస్తుంది. అది చేయించకుండా మెడకు వైద్యం చేస్తే డబ్బూ కాలమూ దండగ.

మూడోది వెన్నుపామే నొక్కుకోవడం. ఇది చాపకింద నీరులా వస్తుంది, నొప్పి లేకుండానే రావచ్చు. అన్నం కలిపి ముద్ద చేసుకోవడం కుదరదు, చొక్కా గుండీలు, జాకెట్ హుక్కులు పెట్టుకోవడానికి తంటాలు పడతారు, నడుస్తుంటే కాళ్లు బిగుసుకుపోయి తడబడతాయి, చెప్పు తెలియకుండానే జారిపోతుంది. మూత్రం ఆపుకోలేకపోవడం దాకా వచ్చిందంటే బాగా ముదిరినట్టే. ఇంట్లోనే ఓ పరీక్ష చేసుకోవచ్చు: పది సెకన్లలో పిడికిలి పూర్తిగా బిగించి, వేళ్లు పూర్తిగా చాచాలి, ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు. 20 కంటే తక్కువైతే అనుమానించాలి. తర్వాత గచ్చు మీద టైల్స్ గీత వెంట మడమకు మరో పాదం వేళ్లు తాకిస్తూ పది అడుగులు వేయండి, పక్కన ఒకరిని నిలబెట్టుకుని. మోకాళ్ల నొప్పులున్నా, కీళ్లవాతమున్నా ఇవి తప్పవచ్చు; అయినా తప్పితే స్పైన్ సర్జన్‌నో న్యూరాలజిస్టునో కలవాల్సిందే.

జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, బండి మీంచి పడ్డాక మొదలైన నొప్పి, వీటిలో ఏదున్నా ఈ లెక్కలేవీ పనికిరావు, వెంటనే చూపించాలి. మన దగ్గర వెన్ను టీబీ అరుదేమీ కాదు. ఛాతీ బరువు, చెమటలతో ఎడమ చేతికి పాకే నొప్పి గుండెది కావచ్చు. 108కి ఫోన్ చేయండి.

ఆపరేషన్ లేని దారి

మొదటి రకానికి ఇదే దారి. రెండో రకంలోనూ బలం తగ్గనంతవరకు 6 నుంచి 12 వారాలు ఈ వైద్యానికే ఇవ్వాలి. జారిన డిస్క్ ముక్కను ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుంది, చాలామందికి ఈలోపే సర్దుకుంటుంది. అయితే పది రోజులు మాత్రలు మింగడాన్ని వైద్యం చేయించడం కింద లెక్కేయకండి.

కసరత్తే ముఖ్యం. వెల్లకిలా పడుకుని, తల కింద మడిచిన తువ్వాలు పెట్టుకుని, ఔనన్నట్టు గడ్డాన్ని కొద్దిగా లోపలికి దించి పది సెకన్లు ఆపాలి. ఇలా పదిసార్లు, పూటకోసారి చొప్పున రోజుకు రెండుసార్లు. గొంతు ముందు కండరాలు తాళ్లలా పైకి తేలితే బలం ఎక్కువ పెడుతున్నట్టు. లోపలి చిన్న కండరాలు పని మానేసి బయటి పెద్ద కండరాలు లాగుతున్నాయి. అందుకే చేసినా ఫలితం లేదనేవాళ్లుంటారు. ఫిజియోథెరపిస్టు దగ్గర భుజం రెక్కల కసరత్తులూ నేర్చుకోండి. మెడ పట్టీ రెండో రకానికి వారం రెండు వారాలు మాత్రమే. నెలల తరబడి కడితే కండరాలు బలహీనపడతాయి.

నొప్పి మాత్రలు బీపీ, కిడ్నీ, గ్యాస్ట్రిక్ సమస్యలున్నవాళ్లకు ప్రమాదం. ప్రిగాబలిన్ లాంటి నరాల మాత్రలు మత్తునిస్తాయి, ఉన్నట్టుండి మానకూడదు.

ఆయుర్వేదంలో గ్రీవ బస్తి చేస్తారు: మెడ మీద మినప్పిండి కట్ట కట్టి గోరువెచ్చని నూనె నిలుపుతారు. బిగుసుకున్న కండరాలకు హాయినిస్తుంది, నొక్కుకున్న నరాన్ని మాత్రం వదిలించదు. షుగరు ఉండి స్పర్శ తగ్గినవాళ్లు నూనె వేడిని ఇంకొకరి చేత చూపించుకోవాలి, కాలినా తెలియదు. ఆక్యుపంక్చర్ కొందరికి కొన్నాళ్లు ఊరటనిస్తుంది. శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం జోలికి పోవద్దు. మంగలి షాపులో మెడ విరిపించుకోవడం మానేయండి. మెదడుకు వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం వచ్చే ప్రమాదముంది. పేరూ చీటీ లేని గోలీలు, పొడులకు రెండు రోజుల్లో అద్భుతంగా తగ్గితే స్టెరాయిడ్ కలిసిందేమోనని అనుమానించండి.

ఆపరేషన్ ఎప్పుడు

మొదటి రకానికి దాదాపు ఎప్పుడూ వద్దు. మెడ నొప్పి ఒక్కదాని కోసం ఎముకలు అతికించుకున్నవాళ్లలో ఆ నొప్పి అలాగే ఉండిపోయినవాళ్లు చాలామందే. రెండో రకంలో, వైద్యం సరిగ్గా చేసినా చేతి నొప్పి నిద్రనూ పనినీ పాడుచేస్తుంటే, ఎంఆర్ఐ కూడా అదే నరాన్ని చూపిస్తుంటే ఆలోచించాలి. చేతి బలం రోజురోజుకూ తగ్గుతుంటే వారాలు లెక్కపెట్టకండి. మూడో రకానికి చేతులు, కాళ్లు, మూత్రం అదుపు ఎలా ఉన్నాయో చూసి డాక్టర్లు మార్కులేసే 18 మార్కుల కొలత ఒకటుంది: 15 నుంచి 17 స్వల్పం, 12 నుంచి 14 మధ్యస్థం, 11 లేదా అంతకంటే తక్కువ తీవ్రం. మధ్యస్థానికీ తీవ్రానికీ ఆపరేషన్ చేయమనే 2017 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. స్వల్పమైతే నిఘాలో ఉండి చూడొచ్చు, ముదిరితే ఆగకూడదు. ఈ రకానికి మెడ లాగించడం, విరిపించడం అసలు కూడదు.

సాధారణంగా గొంతు ముందు నుంచి డిస్క్ తీసి, ఆ ఖాళీలో కేజ్ అనే చిన్న దిమ్మ పెట్టి ఎముకలు అతికిస్తారు. తర్వాత కొన్ని వారాలు మింగడం కష్టంగా ఉండటం మామూలే, కొందరికి గొంతు బొంగురుపోతుంది. పక్క డిస్క్ మీద భారం పడి కొత్తగా బాధ మొదలయ్యే అవకాశం ఏటా సుమారు 2.9 శాతమని 1999 నాటి ఒక అధ్యయనం లెక్కగట్టింది. కృత్రిమ డిస్క్ వేస్తే మెడ కదలిక మిగులుతుంది, ఎముకలు గుల్లబారినవాళ్లకు పనికిరాదు. పొగ తాగేవాళ్లకు ఎముక అతకడం కష్టం. చేతి నొప్పి త్వరగా పోతుంది, తిమ్మిరి నెలలు పడుతుంది. మూడో రకంలో అసలు లక్ష్యం ఇంకా చెడకుండా ఆపడమే.

సర్జన్‌ను ఇలా అడగండి: ఏ నరం, ఎన్ని డిస్కులు, ముందు నుంచా వెనక నుంచా, ఎందుకు? మూడు నెలలు ఆగితే ఏమవుతుంది? నాకు పోయేది చేతి నొప్పా, మెడ నొప్పా? రెండో అభిప్రాయానికి రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, సీడీ కూడా పట్టుకెళ్లండి. రక్తం పలచబడే మందులు సొంతంగా ఆపకండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కార్డుంటే తేదీ ఖాయం చేసుకునే ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, మీ ఆపరేషన్ ప్యాకేజీలో ఉందా, ప్లేటు, కేజ్ ఖర్చు అందులోనే కలిసిందా అని కనుక్కోండి.