వైట్ టాపింగ్ లెక్కలు - 4: రాత్రి లారీలు, పగుళ్లు

పాత తారు రోడ్డు మీద కాంక్రీటు పొర పోయడమే వైట్ టాపింగ్. పోయిన పాఠంలో చక్రం కింద ఆ కాంక్రీటు స్లాబులో పుట్టే స్ట్రెస్ (లోపలి ఒత్తిడి) ఎంతో లెక్కకట్టాం. ఆ ఒక్క అంకెతో పగులు సంగతి తేలదు. విరిచేంత బరువు కాకపోయినా, అందులో సగమే లక్షలసార్లు పడితే కాంక్రీటు అలిసిపోతుంది. అదే ఫెటీగ్.

స్ట్రెస్‌ను కాంక్రీటు ఫ్లెక్సురల్ స్ట్రెంగ్త్‌తో (వంగినప్పుడు విరగకుండా తట్టుకునే బలంతో) భాగిస్తే స్ట్రెస్ రేషియో వస్తుంది. కాంక్రీటు రోడ్ల డిజైన్‌కి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన కోడ్ ఐఆర్‌సీ 58 ప్రకారం అది 0.45 కన్నా తక్కువైతే ఎన్ని బండ్లు తిరిగినా బెంగ లేదు. 0.50 అయితే సుమారు 7,62,000 సార్లు తట్టుకుంటుంది. 0.60 అయితే దాదాపు 30,900 సార్లే! రేషియో పెరిగింది ఐదో వంతు, ఆయుష్షు తరిగింది దాదాపు ఇరవై ఐదో వంతుకి. ఈ పాఠంలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇక ఏ వేళ లెక్క వేయాలి? మధ్యాహ్నం స్లాబు పైభాగం వేడెక్కుతుంది, అప్పుడు పగులు కింద నుంచి మొదలవుతుంది. అర్ధరాత్రి దాటాక పైభాగం చల్లబడి అంచులు పైకి లేస్తాయి, పగులు పై నుంచి వస్తుంది. అందుకే కోడ్ పగలు 10 నుంచి 4 వరకు, రాత్రి 12 నుంచి 6 వరకు విడివిడిగా చూడమంటుంది. కొత్తవాళ్లు మన మే నెల ఎండకు భయపడి పగటి లెక్క దగ్గరే ఆగిపోతారు. కానీ హైదరాబాద్‌లో పగటిపూట పెద్ద లారీలకు సిటీలోకి ఎంట్రీ ఉండదు కదా. ఇసుక, కంకర, ఇనుము చాలావరకు రాత్రే దిగుతాయి. నన్నడిగితే ఇక్కడ రాత్రి లెక్కే ముందు వేయాలి.

బాలానగర్ వైపు ఒక రోడ్డు అనుకుందాం. తారు మీద 200 మి.మీ. పైబడిన కాంక్రీటు, ఫ్లెక్సురల్ స్ట్రెంగ్త్ 4.8 ఎంపీఏ (మెగాపాస్కల్; స్ట్రెస్‌లూ ఇదే కొలతలో). అంకెలన్నీ ఊహించినవే. రోడ్డు జీవితకాలంలో రాత్రిపూట తిరిగే మామూలు లోడు యాక్సిళ్లు (బండి ఇరుసులు) 3,00,000 (స్ట్రెస్ 2.4), ఓవర్‌లోడువి 20,000 (స్ట్రెస్ 2.88).

తిరిగే సార్లను, ఆ రేషియో దగ్గర తట్టుకునే సార్లతో భాగిస్తే ఆయుష్షులో ఎంత వంతు ఖర్చయిందో వస్తుంది. అన్నీ కలిపి 1 దాటకూడదు.

మామూలువి (రేషియో 0.50): 3,00,000 ÷ 7,62,000 = 0.39
ఓవర్‌లోడువి (రేషియో 0.60): 20,000 ÷ 30,900 = 0.65

కలిపితే 1 దాటింది, అంటే ఈ మందం చాలదు. మూడు లక్షల యాక్సిళ్ల కన్నా ఇరవై వేలే ఎక్కువ చెరిచాయి చూడండి. ట్రాఫిక్ సర్వేలో బండ్లు లెక్కపెడితే చాలదు, యాక్సిల్ బరువులు కూడా తూచాలనేది ఇందుకే. 1 దాటిన రోజే పగుళ్లు కనబడతాయని కాదు, ఇది అంచనా మాత్రమే. బండ్లు తిరగకముందే, పోసిన రెండు మూడు రోజుల్లో పగులు కనబడితే ఫెటీగ్‌ను అనకండి. జాయింట్లు (పగులు అడ్డదిడ్డంగా రాకుండా స్లాబులో కోసే గాట్లు) ఎప్పుడు కోశారో అడగండి.

అభ్యాసం: మందం పెంచితే స్ట్రెస్‌లు 2.2, 2.64కి తగ్గాయనుకోండి. రేషియో 0.55 దగ్గర సుమారు 1,24,000 సార్లు పడుతుంది. 2.2 వరస రేషియో 0.45కి కాస్త పైనే ఉంటుంది, దాని పరిమితి కోటి దాటుతుంది కాబట్టి ఇక్కడికి వదిలేయొచ్చు. మిగిలిన భాగం వేయండి, జవాబు అయిదో పాఠంలో.