షార్ట్స్ చూసినవాళ్లు స్టీమ్ పేజీదాకా వచ్చేలా చేసుకున్నాను

పర్లాకిమిడిలో ఉండి రెన్‌పై అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో ఒక విజువల్ నావెల్ (బొమ్మలు, డైలాగులతో కథ నడిచే గేమ్) చేస్తున్నాను. కథ నౌపడా–గుణుపురం చిన్న రైలు రోజులది. దాని మీద నేను పెట్టే యూట్యూబ్ షార్ట్స్ జనం చూసేవారు గానీ, గేములు అమ్మే స్టీమ్‌ సైట్లో దాని పేజీకి ఎవరూ వచ్చేవారు కాదు.

మొదటి చిక్కు బొమ్మది. గేమ్ 1920×1080 అడ్డం, షార్ట్ 1080×1920 నిలువు. రికార్డింగ్‌ని అలాగే ఇరికిస్తే డైలాగు చీమల బారు. అంచులు కత్తిరిస్తే సగం వాక్యం పోతుంది. పాత్రలు, నేపథ్యం విడి బొమ్మలే కదా! ప్రాజెక్టుకి కాపీ తీసి, స్క్రీన్ కొలత నిలువుగా మార్చి, ముఖం పెద్దది చేసి, డైలాగుని మధ్యకి తెచ్చాను. కింద ఛానల్ పేరు, కుడివైపు లైక్ బటన్లు కప్పేస్తాయి, అక్కడ అక్షరం పెట్టకూడదు. ఒక్కో వీడియోలో ఒకే సన్నివేశం, చివర రెండు ఆప్షన్లు. ఏది ఎంచుకోవాలో కామెంట్లలో తెలుగులోనూ ఒడియాలోనూ చూసినవాళ్లే వాదించుకుంటారు.

అసలు చిక్కు లింకుది. 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ వివరణలో, కామెంట్లలో లింకులు నొక్కినా తెరుచుకోవు. అందుకని ట్రైలర్‌ని మామూలు వీడియోగా పెట్టి, స్టీమ్ లింకు దాని వివరణలో ఉంచి, ప్రతి షార్ట్‌కీ సంబంధిత వీడియోగా (రిలేటెడ్ వీడియో, షార్ట్ మీద నొక్కితే తెరుచుకునేది) దాన్నే తగిలించాను. దీనికి ఛానల్‌లో అడ్వాన్స్‌డ్ ఫీచర్లు ఆన్ అయి ఉండాలి. స్టీమ్‌లో విష్‌లిస్టులు (తర్వాత కొందామని గేమ్‌ని గుర్తు పెట్టుకోవడం) అప్పటినుంచే కదిలాయి. ఇన్‌స్టా రీల్స్‌కి మాత్రం బయోలో లింకే దిక్కు.