ప్రొపెల్లెంట్ లేని ఇంజిన్ వార్త మీ ఫోనుకు వచ్చినప్పుడు ఎలా పరిశీలించాలి

వెనక్కి ఏ పదార్థమూ (ప్రొపెల్లెంట్) చిమ్మకుండానే ముందుకు పోయే ఇంజిన్ తయారైందని, అమెరికా ప్రభుత్వం దాన్ని దాచిపెట్టిందని చెప్పే వీడియోలు నాకు తరచుగా వస్తుంటాయి. పంపేది ఎక్కువగా మా దగ్గర శిక్షణ పొంది వెళ్లిన పిల్లలే. నేను హైదరాబాదులో ఒక కాలిబ్రేషన్ ల్యాబులో పనిచేస్తాను. మందుల కంపెనీల మైక్రోబ్యాలెన్సులు, అంటే అతి సున్నితమైన తక్కెడలు, సరిచూడటం నా ఉద్యోగం. అంతరిక్షం నా రంగం కాదు. అయితే ఈ ఇంజిన్ల వ్యవహారమంతా చివరికి తూకం దగ్గరే తేలుతుంది, తూకం నాకు బాగా తెలిసిన పని. ఈ వార్తలు నమ్మి ఫైనలియర్ ప్రాజెక్టులు ఎంచుకుంటున్నవాళ్లను చూస్తున్నాను కనుక నేను పరిశీలించే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, వార్తను చూడగానే కొట్టిపారేయకండి. కాంతికి కూడా ద్రవ్యవేగం ఉంది, అంటే తగిలినదాన్ని అది కొద్దిగా తోస్తుంది. 2010లో జపాన్ పంపిన ఇకారోస్ వ్యోమనౌక 14 మీటర్ల భుజం ఉన్న పల్చటి చదరపు తెరచాప విప్పి, సూర్యకాంతి తోపుడుతోనే వేగం మార్చుకుంది. ఆ తోపుడు సుమారు 1.12 మిల్లీన్యూటన్లు. అది ప్రొపెల్లెంట్ లేని ప్రయాణమే, అందులో దాపరికమూ లేదు.

తర్వాత రెండు అంకెలు వెతకండి: యంత్రానికి ఎంత విద్యుత్తు ఇచ్చారు, ఎంత థ్రస్ట్ (ముందుకు తోసే బలం) వచ్చింది. ఈ రెండూ లేని వార్తను పక్కన పెట్టేయవచ్చు. ఉంటే, ఒక కిలోవాట్‌కు ఎంత థ్రస్టో లెక్కగట్టండి. ఒక కిలోవాట్ కాంతిని ఒకే దిశలో పంపితే వచ్చే థ్రస్ట్ సుమారు 3.34 మైక్రోన్యూటన్లు. పదార్థమేదీ చిమ్మకుండా, బయటి ఆసరా ఏదీ లేకుండా నడిచే యంత్రానికి మనకు తెలిసిన భౌతికశాస్త్రం ఇచ్చే హద్దు అదే.

ఇప్పుడు వాట్లను న్యూటన్లతో భాగించండి. సెకనుకు ఇన్ని మీటర్లని ఒక వేగం వస్తుంది. నౌక ఆ వేగం దాటితే, యంత్రం తీసుకున్న విద్యుత్తు కంటే ఎక్కువ శక్తి నౌకకు చేరుతున్నట్టు లెక్క తేలుతుంది. కాంతి విషయంలో ఈ భాగహారం చేస్తే సరిగ్గా కాంతివేగమే వస్తుంది. ఏ నౌకా దాన్ని దాటలేదు కనుక పేచీ లేదు. అదే లెక్కను ఎమ్‌డ్రైవ్‌కు వేసి చూడండి. ఒక కొన వెడల్పుగా, మరో కొన సన్నగా ఉండే మూసిన రాగి పాత్రలో మైక్రోవేవ్ తరంగాలు నింపితే పాత్ర తనంతట తాను కదులుతుందని రోజర్ షాయర్ అనే బ్రిటిష్ ఇంజినీరు చెప్పిన యంత్రం అది. షీఆన్‌లోని నార్త్‌వెస్టర్న్ పాలిటెక్నికల్ విశ్వవిద్యాలయం బృందం 2.5 కిలోవాట్లతో 720 మిల్లీన్యూటన్లు వచ్చాయని ప్రకటించింది. భాగిస్తే సెకనుకు దాదాపు 3.5 కిలోమీటర్లు. భూమికి దగ్గరి కక్ష్యలో తిరిగే ఉపగ్రహం ఇప్పటికే సెకనుకు 7.5 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతోంది! అంటే దాన్ని అక్కడ బిగించి ఆన్ చేసిన క్షణం నుంచే ఉచితంగా శక్తి రావాలి. ఇంతటి ఫలితం చెప్పేవాళ్లు అంతే గట్టి కొలత చూపించాలి.

ఇక అసలు విషయం ఆ కొలతే. ఇక్కడ తొందరపడకండి.

మా గదిలో ఉష్ణోగ్రత స్థిరంగా ఉంచుతాం. తూకపు రాయి పెట్టెలోంచి తీయగానే తూచం. గది వేడికి అది సర్దుకునేవరకు గంటల తరబడి ఆగుతాం. రాయి కొంచెం వెచ్చగా ఉంటే దాని చుట్టూ గాలి పైకి లేచి, రాయి తేలికగా కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చూపించేది ఇదే: రాయిని కాసేపు అరచేతిలో పట్టుకోమని, తర్వాత పట్టకారుతో పళ్లెంలో పెట్టి తలుపు మూయమంటాను. చివరి అంకెలు నిలవవు. రాయి చల్లబడేకొద్దీ తూకం మెల్లగా పెరుగుతూ పోతుంది. రాయి బరువు మారలేదని అందరికీ తెలుసు, అయినా తెర మీద బరువు మారుతూనే ఉంటుంది. పళ్లెంలోని వస్తువుకు ఒక సన్నని తీగ తగిలించి ఉంటే ఇంకా కష్టం. తీగ వేడెక్కి కాస్త బిగిసినా, సడలినా అది కూడా బరువుగానే నమోదవుతుంది.

నాసా జాన్సన్ స్పేస్ సెంటర్‌లోని ఈగిల్‌వర్క్స్ ల్యాబు 2016లో ప్రచురించిన ఎమ్‌డ్రైవ్ ఫలితాన్ని ఇది మనసులో పెట్టుకుని చదవండి. హెరాల్డ్ వైట్ బృందం శూన్యపు గదిలో, మెలితిరిగే లోలకం మీద 40, 60, 80 వాట్లతో పరీక్షించి, కిలోవాట్‌కు 1.2 మిల్లీన్యూటన్లు అని తేల్చింది. అది కాంతి హద్దుకు 360 రెట్లు. 60 వాట్ల దగ్గర ఆ బలం ఎంతో తెలుసా? రెండు మూడు నువ్వు గింజల బరువు. పాత్ర వేడెక్కడం వల్ల లోలకం పక్కకు జరుగుతోందని ఆ పేపర్‌లోనే ఉంది. ఆ జరుగుదలను విడదీసి, మిగిలినదాన్ని థ్రస్ట్‌గా లెక్కించారు. వాళ్ల నిజాయితీని నేను శంకించను, అంకెలన్నీ బయటపెట్టారు. బయటపెట్టబట్టే ఇతరులు సరిచూడగలిగారు.

సరిచూసింది జర్మనీలోని డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మార్టిన్ తాజ్‌మార్ బృందం. 2018లో వాళ్లు చేసిన పని నాకు చాలా నచ్చింది. పాత్రలోకి పోయే మైక్రోవేవ్ శక్తిని దాదాపు లేకుండా చేసి చూశారు, థ్రస్ట్ అలాగే ఉంది. పాత్రను అడ్డంగా తిప్పి పెట్టారు, అప్పుడూ పోలేదు. అంటే తోస్తున్నది పాత్ర కాదు. తీగల్లోని కరెంటుకు, భూ అయస్కాంత క్షేత్రానికి మధ్య పుట్టే బలం మీద అనుమానం పడింది. 2021కి ఇంకా మెరుగైన తక్కెడ కట్టి, ఈగిల్‌వర్క్స్ చూసిన థ్రస్ట్ వేడివల్ల బిగింపులు వ్యాకోచించడం వల్ల వచ్చిందని తేల్చారు. బిగించే పద్ధతి మార్చగానే అది మాయమైంది. షీఆన్ బృందం కూడా తర్వాత బయటి తీగ తీసేసి యంత్రానికి బ్యాటరీ అమర్చి చూస్తే కొలవదగ్గ థ్రస్ట్ కనిపించలేదు.

కాబట్టి ఏ వార్తలోనైనా ఈ ప్రశ్నలకు జవాబు వెతకండి. బ్యాటరీ యంత్రం మీదే ఉందా, బయటి నుంచి తీగ వస్తోందా? యంత్రాన్ని వెనక్కి తిప్పితే థ్రస్ట్ కూడా తిరిగిందా? యంత్రం బదులు అంతే వేడి పుట్టించే ఉత్త రెసిస్టర్ పెట్టి చూశారా? వేరే దేశంలో, వేరే తక్కెడ మీద వచ్చిందా? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే నేను అక్కడే చదవడం ఆపేస్తాను.

"దాచేశారు" అన్న మాటను విడిగా పరిశీలించాలి. ప్రభుత్వాలు నిజంగానే దాస్తాయి. రాడార్‌కు సులువుగా దొరకని ఎఫ్-117 విమానం 1981లో మొదటిసారి ఎగిరితే 1988 దాకా అమెరికా ఒప్పుకోలేదు. కానీ దాని వెనకున్న భౌతికశాస్త్రాన్ని సోవియట్ శాస్త్రవేత్త ప్యోత్ర్ ఉఫీమ్‌త్సెవ్ 1962లోనే బహిరంగంగా ప్రచురించారు. రహస్యంగా ఉన్నది విమానం, ప్రకృతి నియమం కాదు. అమెరికా సైన్యపు ఎక్స్-37బి అంతరిక్ష విమానాన్నే తీసుకోండి. 2010లో అది మొదటిసారి పైకి వెళ్లిన కొద్ది వారాలకే ఔత్సాహికులు దాని కక్ష్య కనిపెట్టారు. 2015 యాత్రలో దాని మీద పరీక్షించిన హాల్ థ్రస్టర్ అనే విద్యుత్ ఇంజిన్ కూడా జెనాన్ వాయువును వెనక్కి చిమ్మేదే.

వీడియోల్లో ఎక్కువగా చూపించే కాగితం అమెరికా నౌకాదళం పేరిట ఉన్న 10,144,532 నంబరు పేటెంటు. జడత్వాన్ని తగ్గించే నౌక అని నౌకాదళ ఇంజినీరు సాల్వతోర్ పాయిస్ రాసినది, 2018 డిసెంబరులో మంజూరైంది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. అమెరికాలో 1951 నాటి ఆవిష్కరణల గోప్యత చట్టం కింద దేశ భద్రతకు ముప్పు అనుకున్న దరఖాస్తును రహస్యంగా ఉంచవచ్చు, అప్పుడు పేటెంటు మంజూరు కాదు, ప్రచురణా ఉండదు. మీరు ఫోనులో చదువుతున్న పేటెంటును దాచలేదని అర్థం. మంజూరైనంత మాత్రాన యంత్రం నడిచినట్టూ కాదు. మంజూరుకు ముందు పేటెంటు కార్యాలయ పరిశీలకుడు అభ్యంతరం చెబితే, నౌకాదళ విమాన విభాగం సాంకేతిక అధికారి జేమ్స్ షీహీ చైనా కూడా ఈ రంగంలో పెట్టుబడి పెడుతోందంటూ లేఖ రాశారు. తర్వాత ఏమైందన్నది వీడియోలు చెప్పవు. పాయిస్ ఊహను నౌకాదళమే 2019 వరకు పరీక్షించింది, 5,08,000 డాలర్లు ఖర్చయ్యాయి, ప్రభావం రుజువు కాలేదు. ఒక వార్తాసంస్థ అక్కడి సమాచార చట్టం కింద అడిగితే ఈ వివరాలు బయటికొచ్చాయి.

మన దేశంలో కూడా ఈ దారి ఉంది. పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూలులో, అంటే మినహాయింపు ఉన్న సంస్థల జాబితాలో, డీఆర్‌డీఓ ఉంది కనుక అక్కడ పెద్దగా ఆశించలేం. ఇస్రో ఆ షెడ్యూలులో లేదు, అయినా దేశ వ్యూహాత్మక, శాస్త్రీయ ప్రయోజనాల పేరుతో నిరాకరించే వీలు ఎనిమిదో సెక్షన్‌లో ఉంది. "మీ అభిప్రాయం ఏమిటి?" అని అడగకండి. "ఫలానా సంవత్సరాల మధ్య ఫలానా అంశంపై మంజూరు చేసిన ప్రాజెక్టుల పేర్లు, మొత్తాలు ఇవ్వండి" అని అడగండి. పేటెంటు విషయానికొస్తే, స్థిరపడిన ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైన ఆవిష్కరణకు మన 1970 చట్టం సెక్షన్ 3(ఎ) ప్రకారం పేటెంటు ఇవ్వరు. ఇలాంటి యంత్రం కోసం పెట్టుబడి అడిగేవాళ్లు "పేటెంటు రాబోతోంది" అంటే ముందు ఆ సెక్షన్ చూపించండి.

ఈ రంగం మీద నిజంగా మనసున్న విద్యార్థులకు ఒక మాట. పాత మైక్రోవేవ్ ఓవెన్ విప్పి మాగ్నెట్రాన్ (మైక్రోవేవ్ తరంగాలు పుట్టించే భాగం) తీసే పని మాత్రం చేయకండి. ప్లగ్ పీకిన తర్వాత కూడా అందులోని కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జి ఉండవచ్చు. దానికి బదులు మీ కాలేజీ ల్యాబులోని ఎలక్ట్రానిక్ బ్యాలెన్స్ పళ్లెంలో ఒక చిన్న రెసిస్టర్ పెట్టి, రెండు సన్నని తీగలతో తక్కువ ఓల్టేజీ కరెంటు ఇవ్వండి. రెసిస్టర్ ఎటూ ఎగరదు, థ్రస్ట్ సున్నా అని మీకు ముందే తెలుసు. ఆన్ చేసిన క్షణం నుంచి పది సెకన్లకొకసారి తూకం రాసుకుని గ్రాఫు గీయండి. కరెంటు దిశ మార్చి ఒకసారి, తీగల వంపు మార్చి ఒకసారి, రెసిస్టర్ మీద గాజు గిన్నె బోర్లించి ఒకసారి మళ్లీ తీయండి. ఆ గ్రాఫులు దగ్గర పెట్టుకుని ఈగిల్‌వర్క్స్ పేపర్‌లోని గ్రాఫులు చదవండి.