ప్రాక్టీస్‌కి ముందూ తర్వాతా బరువు చూసుకోండి
ఎండాకాలం కబడ్డీ, క్రికెట్ ఆడేవాళ్లకీ, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి పరుగు సాధన చేసేవాళ్లకీ ఎన్ని నీళ్లు తాగాలో అంచనా దొరకదు. బరువు చూసే మిషన్ ఉంటే చాలు. మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక చెమట తుడుచుకుని, తడి బట్టలు తీసేసి ఇంకోసారి చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టే. మధ్యలో తాగిన నీళ్లూ ఆ లెక్కలో కలపాలి. 60 కిలోల మనిషి 1.2 కిలోలు తగ్గాడంటే 2 శాతం. ఆ మాత్రానికే చాలామందికి కాళ్లలో జోరు తగ్గుతుంది.

తగ్గిన ప్రతి కిలోకి లీటరుంబావు నుంచి లీటరున్నర దాకా, రెండు మూడు గంటల్లో కొద్దికొద్దిగా తాగండి. ఉత్త నీళ్లే గటగటా అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది, అది నిజంగా ప్రమాదం. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ నాకైతే అన్నిటికన్నా మేలనిపిస్తుంది. కొబ్బరినీళ్లు మంచివే కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కాబట్టి ఉప్పున్నదేదైనా తోడు తినండి. శక్తికి అరటిపండో, నాలుగు ఇడ్లీలో సరిపోతాయి.

బరువు తగ్గకపోగా పెరిగిందా? అవసరానికి మించి తాగారన్నమాట, మర్నాడు తగ్గించండి.