డాబా మీది సెన్సర్ మధ్యాహ్నం ఎక్కువ చూపిస్తోందా?

ఇంట్లో చేసుకున్న వెదర్ స్టేషన్ రాత్రంతా బాగానే ఉండి, ఎండెక్కగానే 4, 5 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే సెన్సర్ పాడైందని కొత్తది కొనకండి. నేను అలాగే హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే గుజరాతీ గల్లీకి వెళ్లి రెండో డీహెచ్‌టీ22 (ఉష్ణోగ్రత, తేమ కొలిచే సెన్సర్) తెచ్చాను, అదీ అంతే చూపించింది. నేరుగా పడే ఎండ, పిట్టగోడ నుంచి కొట్టే వేడి, ఇవే కారణం.

అందుకే సెన్సర్‌కి ఎండ తగలకుండా, గాలి మాత్రం ఆడేలా ఒక గొడుగు లాంటిది చేయాలి. పూలకుండీల కింద పెట్టే 6 అంగుళాల తెల్ల ప్లాస్టిక్ ప్లేట్లు 6 తీసుకోండి. పై రెండింటిని అలాగే ఉంచి, మిగతా 4 ప్లేట్ల మధ్యలో రెండున్నర అంగుళాల రంధ్రం కోయండి. అన్నీ బోర్లించి 3 పొడవాటి బోల్టులకు గుచ్చి, ప్లేటుకీ ప్లేటుకీ మధ్య 2 సెంటీమీటర్ల పాత పెన్ను గొట్టం ముక్కలు వేయండి, అంచులు తగలకుండా గాలి ఆడాలి. సెన్సర్‌ని మధ్యలో వేలాడదీయండి. సెన్సర్ రీడింగులు తీసుకుని వైఫైలో పంపే ఈఎస్‌పీ32 బోర్డు మాత్రం అందులో పెట్టొద్దు, వైఫై నడుస్తున్నప్పుడు దాని వేడే సెన్సర్‌కి తగులుతుంది. అరమీటరు వైరుతో బయట వేరే డబ్బాలో పెట్టండి. మొత్తాన్ని నేల నుంచి 5 అడుగుల ఎత్తున, గోడకీ నీళ్ల ట్యాంకుకీ దూరంగా కట్టండి. నాకు ఇప్పుడు మధ్యాహ్నం అసలు ఉష్ణోగ్రతతో తేడా ఒక డిగ్రీకి అటూ ఇటూగా ఉంటోంది.

ఒక్కటి గుర్తుంచుకోండి, మే నెలలో ఆకు కూడా కదలని మధ్యాహ్నాల్లో ఇది సరిపోదు, ప్లేట్లే వేడెక్కి మళ్లీ ఎక్కువ చూపిస్తుంది. అలాంటప్పుడు కింద చిన్న 5 వోల్టుల ఫ్యాను పెట్టాల్సిందే.