బ్రేకు డ్రమ్మును లేత్‌కు ఎక్కించే ముందు

చక్రంతో పాటు తిరిగే బ్రేకు డ్రమ్ము లోపలి ముఖం గాళ్లు పడి అరిగితే, లేత్ మీద పలచగా కోసి చదును చేస్తాం. అసలు ఆ డ్రమ్ము కోతకు పనికొస్తుందా? ముందు తేల్చుకోవలసింది అదే. లోపలి వ్యాసం గరిష్ఠంగా ఎంత ఉండవచ్చో చాలా డ్రమ్ములకు పోతలోనే అచ్చువేసి ఉంటుంది. అన్నిటికన్నా లోతైన గాడి దగ్గర కొలవండి. ఆ గాడి పోయేదాకా కోస్తే అంకె దాటేలా ఉంటే కొత్తది వేసుకోవలసిందే, యజమాని ఎంత బతిమాలినా సరే. సరిగ్గా అంకె దాకా కోసినా తప్పే, మున్ముందు అరుగుదలకు కొంత మిగలాలి. పలచబడిన డ్రమ్ము ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడెక్కి వ్యాకోచిస్తుంది, లోపల ఒరుసుకుని బండిని ఆపే లైనర్లకు అందకుండా పోతుంది. ఇక పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. సుత్తితో మెల్లగా తట్టి చూడండి. గంటలా మోగక బొంగురుగా పలికితే ఎక్కడో పగులు ఉన్నట్టే.

లోపలి దుమ్మును గాలితో ఊదకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉందో లేదో కంటితో చూసి చెప్పలేం. తడిగుడ్డతో తుడవండి, మాస్కు పెట్టుకోండి.

లారీ డ్రమ్ము 40 కిలోలకు పైగానే ఉండవచ్చు. చైన్ బ్లాకుతోనో ఇద్దరు పట్టుకునో ఎత్తాలి. ఎత్తేటప్పుడు గ్లౌజులు మంచివే, మిషను వేసేముందు మాత్రం తీసేయాలి. తిరిగే డ్రమ్ము వాటిని పట్టుకుందంటే చేతిని కూడా లాగేస్తుంది. భుజం మీది తువ్వాలు, మెడలో మాల, మణికట్టు తాడు కూడా అంతే. కళ్లద్దాలు తప్పనిసరి, బీడు (పోత ఇనుము) రజను నేరుగా కంట్లోకే ఎగురుతుంది.

ఇక అసలు పని బిగింపు. లేత్ షాఫ్టు, దాని మీద డ్రమ్మును సరిగ్గా మధ్యకు నిలిపే కోను, డ్రమ్ము కూర్చునే ముఖం, మూడింటినీ బ్రష్షుతో శుభ్రం చేయండి. చిన్న తుప్పు పెచ్చు ఇరుక్కున్నా డ్రమ్ము వంకరగా తిరుగుతుంది. బిగించాక కోసే టూలును వెనక్కి జరిపి, దాన్ని దానంతటదే నడిపించే ఆటో ఫీడు లివరు విడిపించి ఉందో లేదో చూసి, చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఎక్కడా తగలకపోతేనే స్విచ్ వేయాలి.

ఇప్పుడు టూలు కొసను మెల్లగా తాకించి సన్నని గీత పడనివ్వండి. గీత చుట్టూ పడకుండా ఒక పక్కనే పడితే మిషను ఆపండి. నట్టు వదులు చేసి, షాఫ్టు కదలకుండా డ్రమ్మును మాత్రం సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి, పక్కనే రెండో గీత పెట్టండి. రెండూ డ్రమ్ములో ఒకే వైపు పడితే లోపం డ్రమ్ముదే, కోయవచ్చు. ఎదురెదురుగా పడితే లోపం బిగింపుది. దాన్ని సరిచేయకుండా కోస్తే గుండ్రంగా ఉన్న డ్రమ్మును మనమే చెడగొట్టినట్టు. రెండు నిమిషాల ఈ పరీక్షను గిరాకీ ఎక్కువగా ఉన్న రోజున ఎగ్గొట్టడం మామూలే. బండి కుదుపుతో తిరిగొచ్చేవి కూడా ఆ డ్రమ్ములే.

డ్రమ్ము చుట్టూ రబ్బరు బెల్టు వేయడం మరవకండి. అది లేకపోతే డ్రమ్ము అదిరి, కోసిన ముఖం మీద అలలు తేలతాయి. బెల్టు కొస వేలాడకూడదు. నీలి మచ్చలున్న చోట బీడు గట్టిపడి ఉంటుంది, అక్కడ టూలు ఎగురుతుంది. లోతు కోత పెట్టకండి. రజను తీయాలంటే మిషను ఆపి బ్రష్షుతోనే.

ఒకే ఇరుసు మీది రెండు డ్రమ్ములనూ దాదాపు ఒకే వ్యాసానికి తేవాలి, లేదంటే బండి ఒక పక్కకు లాగుతుంది. కోత అయ్యాక లోపలి ముఖాన్ని సబ్బునీళ్లతో కడిగి, తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు నలుపు అంటినంత సేపూ కడుగుతూనే ఉండాలి.